డబ్ల్యూబీసీఎన్ 104.1: బోస్టన్ రాక్ రేడియో చరిత్ర (1968–2009)

వాల్తేరు శ్రోత

1968 మార్చి 15 రాత్రి పది గంటలకు బోస్టన్ నగరంలో 104.1 ఎఫ్ఎం పెట్టుకున్నవారికి రోజూ వినిపించే శాస్త్రీయ సంగీతం ఆగిపోయి రాక్ సంగీతం మొదలైంది. క్రీమ్ బృందం పాడిన ‘ఐ ఫీల్ ఫ్రీ’ని ఆ రాత్రి తొలి పాటగా నేటికీ చెప్పుకుంటారు. దాన్ని వేసిన జో రోజర్స్ ప్రసారంలో తన పేరును ‘మిసిసిపీ హెరాల్డ్ విల్సన్’ అని చెప్పుకునేవాడు. ఆ స్టేషన్ పేరు డబ్ల్యూబీసీఎన్. చివరి మూడు అక్షరాలు ‘బోస్టన్ కాన్సర్ట్ నెట్‌వర్క్’కు పొట్టిపేరు. టి. మిచెల్ హేస్టింగ్స్ అనే ఇంజనీరు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం కోసమే 1950ల చివర దాన్ని నెలకొల్పాడు. న్యూయార్క్‌లోనూ హార్ట్‌ఫర్డ్‌లోనూ ఆ నెట్‌వర్క్‌కు తోబుట్టువుల్లాంటి స్టేషన్లు ఉండేవి. సంగీతం మేలైనదే గానీ ఆదాయం అంతంతమాత్రం కావడంతో, ఒక దశలో స్టేషన్ నడపడమే కష్టమైపోయింది.

అప్పుడు రంగంలోకి వచ్చినవాడు రే రీపెన్. కాన్సాస్ సిటీ నుంచి వచ్చిన ఈ న్యాయవాది 1967 జనవరిలో బర్క్‌లీ వీధిలోని ఒక పాత ప్రార్థనా మందిరంలో ‘బోస్టన్ టీ పార్టీ’ అనే సంగీత క్లబ్బును తెరిచాడు. వారంవారం అక్కడికి విద్యార్థులు వెల్లువలా వచ్చేవారు. వారు వినే సంగీతం మాత్రం ఊళ్లో ఏ రేడియోలోనూ వినిపించేది కాదు. ఎవరూ వినని రాత్రి గంటలను తనకు అప్పగించమని రీపెన్ హేస్టింగ్స్‌ను ఒప్పించాడు. టఫ్ట్స్, ఎంఐటీ వంటి విద్యాసంస్థల విద్యార్థి రేడియోల్లో పనిచేసిన కుర్రవాళ్లను తెచ్చి మైకు ముందు కూర్చోబెట్టాడు. తొలి రోజుల్లో క్లబ్బు వెనుక గదిలోనే ఒక చిన్న స్టూడియో ఉండేది కాబట్టి, వేదిక మీద వాయించిన బృందంవారు వాద్యాలు దించి నేరుగా ఆ గదిలోకి వచ్చి మాట్లాడిన సందర్భాలు ఉన్నాయి. కొద్ది వారాల్లోనే రాక్ సంగీతం రాత్రి వేళను దాటి రోజంతటినీ ఆక్రమించుకుంది. స్టేషన్ తనను తాను ‘ది అమెరికన్ రెవల్యూషన్’ అని పిలుచుకుంది.

నలభై ఒక్క ఏళ్ల తర్వాత, 2009 ఆగస్టులో, ఎఫ్ఎం మీద ఆ స్టేషన్ ముగిసిపోయింది. ఒక ఊరి రేడియోను అంతకాలం ఆ ఊరివారు తమ సొంతం అనుకునేలా చేసినది ఏమిటో, చివరకు దాన్ని ముగింపుకు తెచ్చినది ఏమిటో, తెలిసినవారందరూ వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏ పాట వేయాలో ఆ గదిలో కూర్చున్న మనిషే నిర్ణయించుకున్నంత కాలం అది బతికింది.

ధ్వనిశాల

వాల్తేరు శ్రోత గారూ, మంచి చర్చకు తెర తీశారు. నేను హైదరాబాదులో సౌండ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను కాబట్టి సాంకేతిక నేపథ్యం నుంచి మొదలుపెడతాను. అది తెలియకపోతే 1968లోనే ఇది ఎందుకు జరిగిందో అర్థం కాదు.

అమెరికాలో ఎఫ్ఎం చాలా పాతది. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ దానికి పేటెంట్లు పొందినది 1933లో. అయినా మూడు దశాబ్దాల పాటు వ్యాపారమంతా ఏఎం అనే అంతకన్నా పాత ప్రసార పద్ధతి మీదనే నడిచింది. ఎఫ్ఎం లైసెన్సు ఉన్న యజమానులలో చాలామంది తమ ఏఎం కార్యక్రమాలనే అక్కడ కూడా వినిపించి సరిపెట్టుకునేవారు. ఈ పద్ధతికి అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అడ్డుకట్ట వేసింది. లక్షకు మించి జనాభా ఉన్న నగరాలలో ఎఫ్ఎం స్టేషన్ తన ప్రసార సమయంలో సగానికి మించి ఏఎం కార్యక్రమాలను తిరిగి వినిపించకూడదన్న నియమం 1967 నుంచి గట్టిగా అమలైంది. దాంతో దేశమంతటా ఎఫ్ఎంలో వేల గంటల ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీని తక్కువ ఖర్చుతో నింపగలిగినవారు యువకులు, వారి దగ్గరున్న ఎల్పీ (పెద్ద గ్రామఫోను) రికార్డులు. శాన్ ఫ్రాన్సిస్కోలో టామ్ డోనహ్యూ 1967 ఏప్రిల్‌లో కేఎంపీఎక్స్ అనే ఎఫ్ఎం స్టేషన్‌లో ఇదే పని మొదలుపెట్టాడు. డబ్ల్యూబీసీఎన్‌కు తోడుగా ఏఎం స్టేషన్ లేదు కాబట్టి ఆ నియమం దానికి నేరుగా తగలలేదు. అయితే ఎఫ్ఎం అంటే పెద్దల సంగీతమనే భావన చెదిరిపోవడానికి, కొత్త శ్రోతలు ఎఫ్ఎం సెట్లు కొనడానికి ఆ గాలే కారణం.

రెండవది ధ్వని. ఎఫ్ఎంలో పదిహేను వేల హెర్ట్‌జ్ దాకా శబ్దం చక్కగా చేరుతుంది. 1961 నుంచి స్టీరియోకు అనుమతి కూడా ఉంది. అదే కాలంలో రాక్ బృందాలు మూడు నిమిషాల సింగిల్ రికార్డును వదిలి, ఒక పక్క మొత్తం ఒకే రచనగా సాగే ఎల్పీలు చేయసాగాయి. ఏఎం స్టేషన్లు వాటిని ముట్టుకోలేదు. ఎనిమిది నిమిషాల పాట వేస్తే నడుమ రెండు ప్రకటనలు పోతాయన్నది వారి లెక్క.

పాటకూ పాటకూ నడుమ ఖాళీ లేకుండా కలపడం ఆనాటి అనౌన్సర్ల ముఖ్యమైన విద్య. బల్ల మీద రెండు టర్న్‌టేబుళ్లు ఉంటాయి. మొదటి దాని మీద పాట నడుస్తుండగా రెండవ రికార్డు మీద ముల్లును పాట మొదలయ్యే చోట పెట్టి, హెడ్‌ఫోనులో వింటూ, తొలి శబ్దం తగిలిన చోటి నుంచి పళ్లేన్ని చేత్తో కాస్త వెనక్కి తిప్పాలి. రికార్డు కింద మెత్తని ఫెల్టు గుడ్డ ఉంటుంది కాబట్టి, అడుగున చక్రం తిరుగుతున్నా పైన రికార్డును వేలితో ఆపి పట్టుకోవచ్చు. మొదటి పాట చివరి స్వరం కరిగిపోయే క్షణంలో వేలు తీయాలి. ఒక రెప్పపాటు ముందైతే రెండు పాటలూ గుద్దుకుంటాయి, ఆలస్యమైతే నిశ్శబ్దం వస్తుంది. శ్రుతులు, లయలు కలిసే రెండు పాటలను ఎంచుకోవడం ఇంకా కష్టం. ఒక బ్లూస్ పాట తర్వాత ఒక జాజ్ రచన, దాని వెనుక ఒక సితారు ఆలాపన వచ్చినా వినేవారికి అతుకు తెలియకూడదు. ముందుగా తయారైన జాబితా చేతిలో ఉన్నవారికి ఈ విద్యతో పని ఉండదు.

చార్లెస్ తీరం

నేను బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలో స్థిరపడి చాలా కాలమైంది. ఇక్కడ నా వయసుకన్నా పెద్దవారైన సహోద్యోగులను ఆ స్టేషన్ గురించి కదిపితే చాలు, పని పక్కన పెట్టి చెప్పుకొస్తారు. వారి మాటల్లో పాటలకన్నా ఎక్కువగా వినిపించేవి మనుషుల పేర్లే.

తొలి రోజులలో అర్ధరాత్రి దాటిన తర్వాత కార్యక్రమం నడిపినవాడు పీటర్ వుల్ఫ్. ఆ తర్వాత జే. గైల్స్ బ్యాండ్ గాయకుడిగా దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. ఆయన బృందంతో ఊళ్లు తిరగడం మొదలుపెట్టాక వచ్చినవాడు చార్లెస్ లాక్విడారా. బోస్టన్‌కు దగ్గరలోని మిల్‌ఫర్డ్ ఆయన సొంత ఊరు. ఆయన ఉదయపు కార్యక్రమం ‘ది బిగ్ మ్యాట్రెస్’ కొన్ని తరాలకు నిద్ర లేపే గంట అయింది. డ్వేన్ గ్లాస్‌కాక్ అనే వేరొక పాత్రను కల్పించుకుని, గొంతు మార్చి, అదే స్టేషన్‌లో తనకు తానే పోటీ అన్నట్టు మాట్లాడేవాడు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష నడుస్తున్న కాలంలో, 1980ల చివర, అక్కడ వ్యాపారం చేస్తున్న షెల్ కంపెనీ పెట్రోలును బహిష్కరించమని శ్రోతలకు పిలుపునిచ్చాడు. పెట్రోలు కంపెనీలు రేడియోకు పెద్ద ప్రకటనదారులు. ఒక వాణిజ్య స్టేషన్‌లో అటువంటి మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో రేడియోలో పనిచేసినవారు ఊహించగలరు.

‘లిజనర్ లైన్’ అని ఒక టెలిఫోను ఉండేది. స్వచ్ఛంద కార్యకర్తలు దాని దగ్గర కూర్చుని ఎవరు ఏమడిగినా సమాధానం చెప్పేవారు. ఫలానా బృందం ఈ రాత్రి ఎక్కడ వాయిస్తోంది, సైన్యంలో చేరమని నోటీసు వస్తే ఎవరిని కలవాలి, ఇంటికి వెళ్లడానికి ఎవరైనా కారులో చోటిస్తారా అని ఫోనులు వచ్చేవి. తప్పిపోయిన పిల్లుల, కుక్కల వివరాలను ప్రసారంలో చదివేవారు. ఇటువంటి పనులకు రేటింగుల పట్టికలో గడి ఉండదు. కానీ తప్పిపోయిన పిల్లి దొరికిన ఇంటివారు ఇక ఏ స్టేషన్ వింటారో వేరే చెప్పాలా?

క్లబ్బు వెనుక గది నుంచి న్యూబరీ వీధికి, అక్కడి నుంచి స్టూవర్ట్ వీధికి, 1973లో ప్రుడెన్షియల్ భవనం యాభయ్యో అంతస్తుకు స్టేషన్ మారుతూ వచ్చింది. పాల్స్ మాల్, జాజ్ వర్క్‌షాప్ అనే రెండు క్లబ్బుల నుంచి కచేరీలను నేరుగా ప్రసారం చేసేవారు. 1973 జనవరిలో పాల్స్ మాల్‌లో పాడటానికి వచ్చిన ఒక కొత్త గాయకుణ్ణి స్టేషన్ అనౌన్సర్ మ్యాక్సాన్ సార్టోరి స్టూడియోకు పిలిచి మాట్లాడించి, అక్కడికక్కడే పాడించింది. అతని తొలి రికార్డు అప్పుడే విడుదలవుతోంది. అతను బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్.

సింధూర

చార్లెస్ తీరం గారు మ్యాక్సాన్ పేరు ఎత్తారు కాబట్టి ఆమె గురించి మరికొంత చెప్పాలి. 1970 నుంచి 1977 దాకా ఆమె అక్కడ పనిచేసింది. ఏరోస్మిత్ బృందాన్ని పట్టించుకునేవారు లేని రోజుల్లో పట్టుబట్టి వారి పాటలు వేసింది. 1977లో ది కార్స్ అనే స్థానిక బృందం ఇంకా ఏ కంపెనీతోనూ ఒప్పందం కుదరకముందే, వారు సొంతంగా చేసుకున్న నమూనా టేపులోని ‘జస్ట్ వాట్ ఐ నీడెడ్’ను ఆమె ప్రసారంలో వేసింది. ఊళ్లో ఆ పాటకు వచ్చిన గిరాకీని చూసి రికార్డు కంపెనీలు వారి వెంటపడ్డాయి. టేపు తెచ్చిన కుర్రవాడి ముఖం చూసి, పాట విని, ఆ సాయంత్రమే వేయాలా వద్దా అని ఒక మనిషి తేల్చుకోగలిగే ఏర్పాటు ఉంటే తప్ప ఇది సాధ్యపడదు.

అయితే ఆ స్టేషన్ చరిత్రను రాసేటప్పుడు దాన్ని ఆది నుంచీ అందరికీ సమానమైన చోటు అన్నట్టు చిత్రించకూడదు. విప్లవం అన్న పేరు పెట్టుకున్నా తొలి రెండేళ్లూ అది మగవారి గదే. 1970లో ఒక సహాయ కేంద్రానికి స్వచ్ఛంద కార్యకర్తలు కావాలన్న ప్రకటనలో, టైపు చేయగల అమ్మాయిలు కావాలంటూ, అమ్మాయిలను కోడిపిల్లలనే చులకన మాటతో పిలిచారు. ‘బ్రెడ్ అండ్ రోజెస్’ అనే స్త్రీల సంఘంవారు నిజమైన కోడిపిల్లలను తీసుకుని స్టేషన్‌కు వచ్చి, అధికారి బల్ల మీద వదిలిపెట్టారు. అంతర్జాతీయ మహిళా దినోత్సవం నాడు తమకు ప్రసార సమయం కావాలని అడిగి సాధించుకున్నారు. ఊరివారు లోపలికి నడిచి వచ్చి నిలదీయగలిగారు, నిలదీస్తే స్టేషన్ కదిలింది. నాకు దాని గొప్పతనం అక్కడే కనిపిస్తుంది. అసలు తప్పే చేయని స్టేషన్ ఎక్కడా ఉండదు.

మన దగ్గర దీనికి దీటైన ఉదాహరణ రాక్ సంగీతంలో కాదు, జహీరాబాదు దగ్గర ఉంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా రైతులు 2008 నుంచి సంగం రేడియోను నడుపుతున్నారు. విత్తనాల గురించి, పంటల గురించి, పాటల గురించి వారి ఇష్టమే వారి కార్యక్రమం.

కృష్ణలంక

నేను విజయవాడలో కొంతకాలం ఎఫ్ఎం స్టేషన్‌లో పనిచేశాను. పాటల జాబితా వేరే నగరం నుంచి కంప్యూటరులోకి వచ్చేది, నడుమ మాట్లాడవలసిన సెకండ్లు కూడా దాంట్లోనే ఉండేవి. అందువల్ల ఈ చర్చలో 1979 నాటి సమ్మె గురించి రాయాలని నాకు మనసు పుట్టింది.

ఆ ఏడాది మైకేల్ వీనర్, జెరాల్డ్ కారస్ అనే ఇద్దరు ‘హెమిస్ఫియర్ బ్రాడ్‌కాస్టింగ్’ పేరుతో డబ్ల్యూబీసీఎన్‌ను కొన్నారు. ఫిబ్రవరి 16న స్టేషన్ వారి చేతికి వచ్చింది. అదే రోజున 19 మంది ఉద్యోగులను తీసివేశారు. ఉద్యోగులకు అప్పటికే యూనియన్ ఉంది. విద్యుత్, రేడియో, యంత్ర కార్మికుల జాతీయ సంఘానికి అది శాఖ. కొత్త యాజమాన్యం దాన్ని గుర్తించబోమన్నది. మిగిలిన ఉద్యోగులు, తమ ఉద్యోగాలకు ముప్పు లేకపోయినా, వారితో పాటు బయటికి నడిచారు. ప్రసారంలో ముందు వరుసలో ఉన్న అనౌన్సర్లూ, లోపల కాగితాలు చూసుకునే గుమాస్తాలూ ఒకే సంఘంలో ఉండటం ఆ రోజు అక్కరకు వచ్చింది. యాజమాన్యం బయటివారిని తెచ్చి పాటలు వేయించింది. శ్రోతలు మాత్రం మైకులో కొత్త గొంతు వినగానే ఫోనులు చేసి నిలదీశారు. ప్రకటనలు ఇచ్చే దుకాణాలవారు, కచేరీల నిర్వాహకులు ప్రకటనలు ఉపసంహరించుకున్నారు. ఊరి బృందాలు సమ్మెకారుల కోసం కచేరీలు చేశాయి. సుమారు మూడు వారాలకు యాజమాన్యం దిగివచ్చి 19 మందినీ వెనక్కి తీసుకుంది.

రేడియో ఉద్యోగి బేరం ఎప్పుడూ బలహీనమైనదే. మైకు యజమానిది, లైసెన్సు యజమానిది. ఉద్యోగి చేతిలో ఉండే ఆస్తి ఒక్కటే, తన గొంతును శ్రోత గుర్తుపట్టడం. బోస్టన్‌లో ఆ ఆస్తికి విలువ ఉండటానికి కారణం పదేళ్లపాటు వారు సొంత మాటలు మాట్లాడారు, సొంత పాటలు వేశారు. జాబితా చదివే గొంతులను మార్చివేస్తే వీధిలోకి వచ్చే శ్రోత ఉండడు.

వార్తల సంగతి కూడా చెప్పుకోవాలి. డానీ షెక్టర్ 1970లో అక్కడ చేరి తనను తాను ‘న్యూస్ డిసెక్టర్’ అని పిలుచుకున్నాడు. వియత్నాం యుద్ధం గురించి ప్రభుత్వం చెప్పిన మాటనూ, దానికి విరుద్ధంగా వచ్చిన మాటనూ, నడుమ ఒక పాట ముక్కనూ కలిపి వార్తను విప్పి చూపించేవాడు. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం 2001లో మొదలైనా, సొంత వార్తలు ప్రసారం చేయడానికి నేటికీ అనుమతి లేదు. ఆకాశవాణి బులెటిన్‌ను యథాతథంగా వినిపించవచ్చు, అంతే. ఊరి రేడియోకు ఊరి వార్తే లేకపోతే, సినిమా పాట తప్ప దానికి దిక్కేముంది? మన స్టేషన్లన్నీ ఒకేలా ఎందుకు వినిపిస్తాయని ఇక్కడ తరచుగా అడుగుతుంటారు. సమాధానంలో సగం ఈ నియమంలోనే ఉంది.

వాల్తేరు శ్రోత

కృష్ణలంక గారూ, సమ్మె గురించి మీరు రాసినది చదివిన తర్వాత దాని తరువాయి దశ చెప్పడం సులువైంది. వీనర్, కారస్‌ల సంస్థే తర్వాత ‘ఇన్‌ఫినిటీ బ్రాడ్‌కాస్టింగ్’గా పెరిగింది. సమ్మెలో ఓడినా వారు స్టేషన్‌ను పాడుచేయలేదని, 1980లలో దానికి చాలా స్వేచ్ఛ ఇచ్చారని నిజాయితీగా ఒప్పుకోవాలి. 1981లో ప్రోగ్రాం డైరెక్టరైన వ్యక్తి ప్రసారంలో పెట్టుకున్న పేరు ఈడిపస్. ఆయన ఎంఐటీ విద్యార్థి స్టేషన్ డబ్ల్యూటీబీఎస్‌లో 1970ల నడుమ పంక్ సంగీతానికి ఒక కార్యక్రమం నడిపి వచ్చినవాడు. (ఆ విద్యార్థి స్టేషన్ అక్షరాలనే టెడ్ టర్నర్ తన టీవీ ఛానెల్ కోసం 50 వేల డాలర్లకు కొనుక్కున్నాడు. విద్యార్థులు ఆ డబ్బుతో కొత్త ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని, డబ్ల్యూఎంబీఆర్ అనే పేరుతో నేటికీ కొనసాగుతున్నారు.) ఈడిపస్ 2004 దాకా ఆ పదవిలో ఉన్నాడు.

అతని కాలంలో పాత శ్రోతలకు అలవాటైన బృందాల పక్కనే కొత్తవారికి చోటు దొరికింది. కార్టర్ ఆలన్ అనే అనౌన్సర్ ఐర్లండ్ నుంచి వచ్చిన యూటూ రికార్డును ఇష్టపడి వేశాడు. 1980 డిసెంబరులో ఆ బృందం బోస్టన్‌లోని ప్యారడైజ్ క్లబ్బులో, మరొక బృందానికి ముందు పాడే చిన్న అవకాశంతో వేదిక ఎక్కింది. వారు పాడి దిగగానే జనంలో చాలామంది ఇంటిదారి పట్టారు, ప్రధాన బృందం దాదాపు ఖాళీ గదిలో వాయించవలసి వచ్చింది. అంటే ఆ జనం రేడియోలో విని, యూటూ కోసమే టికెట్టు కొన్నారు. మూడు నెలల తర్వాత అదే క్లబ్బుకు యూటూ ప్రధాన బృందంగా తిరిగి వచ్చింది.

1979లో మొదలైన ‘రాక్ అండ్ రోల్ రంబుల్’ నా దృష్టిలో ఇంకా ముఖ్యమైనది. ఊరి బృందాలు కొన్ని రాత్రుల పాటు క్లబ్బులో ఒకరి తర్వాత ఒకరు వాయిస్తారు, చివరకు ఒకరు గెలుస్తారు. 1983లో ‘టిల్ ట్యూస్‌డే’ గెలిచింది, 2003లో డ్రెస్డెన్ డాల్స్ గెలిచింది. గెలిచినవారిని అందరూ గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం ఓడిన వందలాది బృందాల మీదనే మనసు పోతుంది. గ్యారేజీలో సాధన చేసుకునే నలుగురు కుర్రవాళ్లకు తమ పాట ఒక్కసారైనా ఊరి రేడియోలో వస్తుందన్న ఆశ ఉండటం మామూలు విషయం కాదు.

చార్లెస్ తీరం

చివరి దశను నేను విన్నాను కాబట్టి దాని గురించి రాస్తాను. నేను వచ్చేసరికి బోస్టన్ దగ్గరి లోవెల్‌లో, చుట్టుపక్కల చదువుకునే తెలుగు విద్యార్థులకు పాత కార్లలో సీడీ ప్లేయరు పనిచేస్తే అదృష్టం, లేకపోతే రేడియోయే దిక్కు. 104.1 పెడితే ఉదయం న్యూయార్క్ రేడియో వ్యాఖ్యాత హవర్డ్ స్టెర్న్ మాటలు, పగలు కొత్త తరం రాక్, ఆదివారాలు ఆ ప్రాంతపు జట్టు ప్యాట్రియట్స్ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ వ్యాఖ్యానం వినిపించేవి. 1995 నుంచి ఆ జట్టు ఆటల ప్రసారం వీరిదే. గిల్ శాంటోస్, జీనో కాపెలెట్టి వ్యాఖ్యానంలో ఆటను చూడకుండానే నేర్చుకున్నవారు మాలో ఉన్నారు.

నేను ఒక మాట ఒత్తి చెప్పదలచుకున్నాను. స్టేషన్‌ను యజమానులే చంపారని ఇక్కడ అందరూ ఒక నిర్ణయానికి వచ్చినట్టు కనిపిస్తోంది. అప్పటికి శ్రోతే మారాడు. కొత్త పాట తెలుసుకోవడానికి నా సహాధ్యాయులెవరూ రేడియో మీద ఆధారపడలేదు. ఎంపీత్రీ ఫైళ్లు, ఐపాడ్‌లు, ఇంటర్నెట్ వచ్చాక, ఎంత స్వేచ్ఛ ఇచ్చినా ఆ పాత అనౌన్సరు చుట్టూ పాత సభ మళ్లీ చేరేదని నేను అనుకోను. 2005 చివర స్టెర్న్ ఉపగ్రహ రేడియోకు వెళ్లిపోయినప్పుడు ఆ ఖాళీని నింపడానికి గాయకుడు డేవిడ్ లీ రాత్‌ను తెచ్చారు. నాలుగు నెలలైనా నిలవలేదు. అది యజమాని దురాశ కన్నా, ఏం చేయాలో పాలుపోని స్థితిని చూపిస్తుంది.

ధ్వనిశాల

చార్లెస్ తీరం గారూ, మీరు విన్న కాలం గురించి మీరు చెప్పినది నిజమే. కానీ మీరు వినడం మొదలుపెట్టేనాటికే నష్టం జరిగిపోయింది. కాలక్రమం చూడండి.

1996 ఫిబ్రవరిలో అమెరికాలో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. అంతకుముందు ఒక సంస్థ దేశం మొత్తం మీద నలభై రేడియో స్టేషన్లకు మించి ఉంచుకోకూడదు. చట్టం ఆ పరిమితిని పూర్తిగా తీసివేసి, పెద్ద నగరాల్లో ఒకే సంస్థకు ఎనిమిది స్టేషన్ల వరకు అనుమతించింది. ఆ ఏడాదే ఇన్‌ఫినిటీ సంస్థ, సీబీఎస్ అనే ప్రసార సంస్థకు యజమాని అయిన వెస్టింగ్‌హౌస్‌లో కలిసిపోవడానికి సిద్ధపడింది. అదే 1996 వసంతంలో, లాక్విడారాను పాత రాక్ పాటల స్టేషన్ అయిన డబ్ల్యూజెడ్ఎల్ఎక్స్‌కు పంపి, న్యూయార్క్ నుంచి వచ్చే స్టెర్న్ కార్యక్రమాన్ని ఉదయంలో పెట్టారు. బోస్టన్ వీధులను ఎరిగిన మనిషి ఇరవై ఏళ్లకు పైగా మేల్కొలిపిన వేళలో మరో నగరపు గొంతు వచ్చి కూర్చుంది. ఇదంతా ఐపాడ్ పుట్టడానికి ఐదేళ్ల ముందు!

ఒకే యజమాని చేతిలో రెండు రాక్ స్టేషన్లు ఉంటే అవి పోటీ పడటం ఆయనకు నష్టం. అందువల్ల పాత పాటలు ఒకదానికి, కొత్త పాటలు మరొకదానికి పంచుతారు. డబ్ల్యూబీసీఎన్ తన సొంత ముప్పై ఏళ్ల చరిత్రలో తాను పరిచయం చేసిన పాటలనే వేయలేని స్థితికి వచ్చింది. తండ్రికి ఇష్టమైన పాట వెనుక కొడుకుకు ఇష్టమైన పాటను అతుకు తెలియకుండా కలపడం ఆ స్టేషన్ ప్రత్యేకత. పంపకాలతో ఆ అవకాశమే పోయింది. మిగిలినది ఫలానా వయసు యువకులకు ఫలానా మోతాదు సంగీతం. అలా ఇరుకైన స్టేషన్‌కు ఇంటర్నెట్ దెబ్బ తగిలినప్పుడు తట్టుకునే కండ లేదు. సియాటిల్‌లో కేఈఎక్స్‌పీ అదే ఇంటర్నెట్‌ను వాడుకుని ప్రపంచమంతా వినే స్టేషన్ అయింది కదా! అక్కడ ప్రకటనలు లేవు, శ్రోతల విరాళాలే ఆధారం, పాట ఎంపిక నేటికీ అనౌన్సరుదే.

కృష్ణలంక

ధ్వనిశాల గారి కాలక్రమానికి మరొక సంగతి చేర్చాలి. కేఈఎక్స్‌పీకి విశ్వవిద్యాలయం అండ, ఆపైన పాల్ ఆలన్ వంటి ధనవంతుడి సాయం దొరికాయి. బోస్టన్ స్టేషన్‌కు ఆది నుంచీ ప్రకటనలే ఆధారం. 1979లో శ్రోతలు గెలవడానికి కారణం ప్రకటనదారులు కూడా ఊరివారే కావడం. రికార్డుల దుకాణం, చెప్పుల దుకాణం, కచేరీ నిర్వాహకుడు, వీరంతా శ్రోతలకు ముఖం చూపించవలసినవారు. 2009 నాటికి ప్రకటనల ఒప్పందాలు దేశవ్యాప్తంగా కుదిరేవి. ఎవరిని వెళ్లి అడగాలి?

సింధూర

చివరి రోజు ఎలా గడిచింది, ఆ తర్వాత ఆ ఫ్రీక్వెన్సీ, ఆ పేరు ఏమయ్యాయి అన్నది ఎవరైనా రాయగలరా? రంబుల్ పోటీ కూడా దాంతోనే ఆగిపోయిందా?

వాల్తేరు శ్రోత

సింధూర గారూ, 2009 జులైలో, అప్పటికి స్టేషన్ యజమాని అయిన సీబీఎస్ ప్రకటన చేసింది. క్రీడా చర్చల కోసం 98.5 మీద కొత్త స్టేషన్ పెట్టాలన్నది వారి ఉద్దేశం. ఆ స్థానంలో ఉన్న పాప్ సంగీత స్టేషన్‌ను 104.1కు జరిపారు. దానితో డబ్ల్యూబీసీఎన్‌కు చోటు లేకుండాపోయింది. ప్యాట్రియట్స్ ఆటలు, ఉదయపు కార్యక్రమం నడుపుతున్న టౌచర్, రిచ్ ద్వయం క్రీడా స్టేషన్‌కు వెళ్లాయి. చివరి రోజుల్లో పాత అనౌన్సర్లను లోపలికి రానిచ్చారు. వారు జాబితాలు పక్కన పెట్టి, ఇష్టమైన పాటలు వేసి, పాత టేపులు వినిపించి, శ్రోతలతో మాట్లాడారు. ఆగస్టు 12 అర్ధరాత్రి పింక్ ఫ్లాయిడ్ ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’తో ప్రసారం ముగిసింది. ఆ కొద్ది రోజులు విన్నవారు, ఇన్నేళ్లుగా ఇలాగే ఎందుకు నడపలేదని అడిగారు. ఆ ప్రశ్నకు యాజమాన్యం నుంచి జవాబు రావలసే ఉంది.

పేరు విషయం మరింత బాధ కలిగిస్తుంది. వేరే సంస్థ ఎవరూ బోస్టన్‌లో వాడుకోకుండా, డబ్ల్యూబీసీఎన్ అనే అక్షరాలను నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉన్న ఒక ఏఎం స్టేషన్‌కు తగిలించారు. ఆ ఊరికీ ఆ అక్షరాలకూ ఏ సంబంధమూ లేదు. పాత స్టేషన్‌కు ప్రత్యర్థులుగా ఉన్నవి కూడా ఎక్కువ కాలం నిలవలేదు. డబ్ల్యూఎఫ్ఎన్ఎక్స్ ఫ్రీక్వెన్సీని 2012లో అమ్మేశారు, డబ్ల్యూఏఏఎఫ్‌ను 2020లో ఒక క్రైస్తవ సంగీత నెట్‌వర్క్ కొన్నది.

రంబుల్ మాత్రం దాంతో ముగిసిపోలేదు. లాక్విడారా చివరి నాలుగేళ్లు పనిచేసిన డబ్ల్యూజెడ్ఎల్ఎక్స్‌లో స్థానిక బృందాల కోసం కార్యక్రమం నడిపిన యాంజెల్ వుడ్ ఆ పోటీని చేతిలోకి తీసుకుని, అదే పేరుతో, అదే పద్ధతిలో క్లబ్బులలో నడిపించింది. 2009 తర్వాత పుట్టిన బృందాలు కూడా అందులో పాల్గొన్నాయి.